మందుకూ మితి ఉంది

పాఠ్యభాగ ఉద్దేశం

గాయం చీము పట్టకుండా కాపాడే మందులను యాంటిసెప్టిక్‌లు అంటారు. ఇవి పైపూత మందులే కదా అని చాలామంది వైద్యుని సలహా లేకుండానే వాడుతుంటారు. ఈ మందులు పనిచేసే తీరును, వాటిని వాడడంలో పాటించవలసిన జాగ్రత్తలను విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

బెంగళూరు నుండి గుంతకల్లుకు పోయే రైలుమార్గంలో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలు ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. వీటిని కలిపే బంధం మరొకటి ఉంది. అది పట్టుదారం. ఈ ప్రాంతపు పల్లెల్లో రైతులు మల్బరీ తోటలు వేసి పట్టుపురుగులను పెంచుతారు. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టు, దాని చెంతనే కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ ఉన్నాయి. ధర్మవరం మగ్గాలపై ఆ దారం చీరగా రూపు దాలుస్తుంది.

ఈ వృత్తిలో వేడినీటితో పని తప్పదు. పట్టుగూళ్లను వేడినీటిలో నానబెట్టి దారం తీస్తారు. రంగులు అద్దడానికి ముందు దారాన్ని సబ్బు, సోడా కలిపిన మరుగునీటిలో ఉడికించి దాని జిగురును తొలగిస్తారు. పచ్చి పట్టు బరువులో సుమారు నాలుగోవంతు ఈ జిగురే. నీరు చిందినా, చేయి జారినా చర్మం కాలుతుంది. అందువల్ల కాలిన గాయాల మందును గురించి తెలుసుకోవడం ఈ ప్రాంతం వారికి ఎంతో అవసరం.

సూక్ష్మక్రిములను చంపే పదార్థాలన్నీ ఒకటి కావు. పట్టుపురుగుల పెంపకపు గదిని శుద్ధి చేయడానికి రైతులు 2 శాతం బ్లీచింగ్ పౌడరును, 0.3 శాతం సున్నాన్ని నీటిలో కలిపి చల్లుతారు. అది గోడలకు, తట్టలకు ఉద్దేశించిన క్రిమిసంహారకం. దానిని గాయంపై పోస్తే క్రిములతోపాటు చర్మకణాలు కూడా దెబ్బతింటాయి. శరీరంపై వాడే యాంటిసెప్టిక్ క్రిమిని అణచాలి, జీవకణాన్ని బతకనివ్వాలి. ఈ రెండు పనులకూ పొత్తు కుదిర్చేది మోతాదు.

ఈ సత్యం వైద్యులకు సైతం ఒక్కనాటిలో బోధపడలేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్ష చేసి వచ్చిన వైద్యులు క్లోరిన్ ద్రావణంతో చేతులు కడుక్కొన్న తరువాతనే ప్రసవాలు చేయాలని నియమం పెట్టాడు. దానితో బాలింతల మరణాలు బాగా తగ్గాయి. 1865లో గ్లాస్గో నగరంలో జోసెఫ్ లిస్టర్, బండిచక్రం కింద పడి కాలు విరిగిన పదకొండేళ్ల బాలుని గాయానికి కార్బాలిక్ ఆమ్లంతో కట్టు కట్టి నయం చేశాడు. అయితే ఆ ఆమ్లమే చర్మాన్ని పుండు చేసేది. తరువాత మొదటి ప్రపంచ యుద్ధకాలంలో సైనికుల లోతైన గాయాలను పరిశీలించిన అలెగ్జాండర్ ఫ్లెమింగ్, ఘాటైన మందులు క్రిములకంటె ముందుగా శరీరాన్ని రక్షించే తెల్ల రక్తకణాలను చంపుతున్నాయని నిరూపించాడు. ఘాటు ఎక్కువైతే గుణం ఎక్కువ అనే నమ్మకం అక్కడ వీగిపోయింది.

కాలిన గాయాలకు వైద్యులు రాసే మందులలో 1 శాతం సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనం ఒకటి. ఇది 1968 నుండి వాడుకలో ఉంది. కాలిన వెంటనే పూయవలసినది మాత్రం ఇది కాదు. మొదట ఉంగరాలు, గాజులు తీసివేసి, గాయాన్ని ఇరవై నిమిషాలపాటు పారే చల్లని నీటికింద ఉంచాలి. మంచుగడ్డ పెట్టరాదు. టూత్‌పేస్టు, సిరా, వెన్న, పసుపు వంటివి పూయడం వల్ల వేడి లోపలే నిలుస్తుంది. గాయం లోతు వైద్యునికి కనిపించదు. పొక్కులను చిదపరాదు.

ఆ తరువాత ఏ మందు వాడాలన్నది వైద్యుడే నిర్ణయించాలి. సల్ఫా మందులు పడనివారికి, రెండు నెలల లోపు పసికందులకు, నెలలు నిండిన గర్భిణులకు ఈ లేపనం తగదు. పైపైన కాలిన గాయాలు దీనివల్ల ఆలస్యంగా మానుతున్నట్లు కూడా పరిశోధనలలో తేలింది. కనుక నిరుడు తండ్రి చేతికి వాడగా మిగిలిన గొట్టాన్ని నేడు బిడ్డకు పూయడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

పావిడోన్ అయొడిన్ కూడా అటువంటిదే. దీనిలోని అయొడిన్ చర్మం గుండా రక్తంలో చేరుతుంది. థైరాయిడ్ వ్యాధి ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు వైద్యుని అడగకుండా దీనిని ఎక్కువ చోట, ఎక్కువ రోజులు వాడరాదు. వెండి కలిసిన లేపనంపై దీనిని పూస్తే ఒకదాని గుణాన్ని మరొకటి హరిస్తుంది. క్లోర్‌హెక్సిడిన్ కంటికి, చెవి లోపలి భాగానికి ప్రమాదకరం. బొడ్డుకు పూయవలసిన ఈ మందును కొన్ని దేశాలలో కంటిచుక్కలుగా పొరబడి పసిపిల్లల కళ్లలో వేశారు. దీనిపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హెచ్చరిక జారీ చేసింది. 

మందు కొనేటప్పుడు పేరు, శాతం, గడువు తేదీ చూడాలి.  పూయడానికి ముందు చేతులు కడుక్కోవాలి. గొట్టం మూతిని గాయానికి తాకించరాదు. వైద్యుడు చెప్పిన పూటలు, చెప్పిన రోజులు మాత్రమే వాడాలి. దద్దురు, దురద, చీము, జ్వరం, చుట్టూ వ్యాపించే ఎరుపు కనిపిస్తే వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. ధనుర్వాతం టీకా విషయం కూడా ఆయననే అడగాలి.

పురుగుల గదికి మందు కలిపే రైతు శాతం తప్పడు. అద్దకందారు రంగును తూచి గాని నీటిలో వేయడు. పాళ్లు తప్పితే పంట పోతుందని ఒకరికి, చీర చెడుతుందని మరొకరికి తెలుసు. ఆ శ్రద్ధనే తమ చేతి గాయంపైన కూడా చూపగలిగితే, ఆ చేతులు మళ్లీ త్వరగా పనిలోకి వస్తాయి.

కఠిన పదాలకు అర్థాలు

మితి : హద్దు, కొలత
లేపనం : పైపూత మందు
హరించు : పోగొట్టు
ధనుర్వాతం : గాయం ద్వారా సోకే, కండరాలు బిగుసుకుపోయే వ్యాధి

ప్రశ్నలు

1. క్రిమిసంహారకానికి, యాంటిసెప్టిక్‌కు గల భేదాన్ని ఉదాహరణతో వివరించండి.
2. ఫ్లెమింగ్ పరిశీలన వల్ల తొలగిన అపోహ ఏది?
3. చర్మం కాలిన వెంటనే చేయవలసిన, చేయకూడని పనులను తెలపండి.
4. ఒకరికి రాసిన మందును మరొకరు ఎందుకు వాడరాదు? పాఠం ఆధారంగా రాయండి.