కేంద్రానికి రాని పిల్లలు

చి.ల.సౌ. మా బిడ్డకు,

నువ్వు సర్పంచ్‌గా గెలిచావని తెలిసిన రోజు మీ పెద్దనాన్న వాడకట్టంతా మిఠాయి పంచాడు. మొన్న ఫోన్‌లో నువ్వు, "ఊళ్లో చిన్నపిల్లల కోసం ఏదైనా చేయాలె పెద్దమ్మా, ముందు అంగన్‌వాడీకి కొత్త బిల్డింగు కట్టిస్తా" అన్నావు చూడు, ఆ మాటకు నా కడుపు నిండింది. అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్‌లో సూపర్‌వైజరుగా ఊళ్లు తిరిగి రిటైరైనదాన్ని. చెప్పాల్సింది చాలా ఉంది, ఫోన్‌లో తెమిలేది కాదని ఉత్తరం రాస్తున్నా.

బిల్డింగు కట్టించు, వద్దనను. కానీ దాంతో మొదలుపెట్టకు. రోజూ కేంద్రానికి వచ్చి కూర్చునేది మూడేళ్లు నిండిన పిల్లలు. బిడ్డ ఎదుగుదల దెబ్బతినేదేమో అంతకుముందే, తల్లి కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్లు నిండేలోపు. ఆ ఈడు పిల్లలు ఇంట్లో ముసలమ్మ ఒళ్లోనో, పత్తి చేను గట్టున చీర ఉయ్యాలలోనో ఉంటారు. మన తెలంగాణలో 35 వేలకు పైగా అంగన్‌వాడీ కేంద్రాలున్నాయి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్లలోపు పిల్లలు నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని తేలింది. ఆరు నెలలు దాటిన పసివాళ్లలో నూటికి 70 మందికి రక్తం తక్కువ. కాబట్టి నీ చూపు ముందు కేంద్రానికి రాని పిల్లల మీద ఉండాలి.

టీచరునూ ఆశా కార్యకర్తనూ వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరుగు. గర్భిణి ఎవరు, బాలింత ఎవరు, మూడేళ్లలోపు పిల్లలు ఎవరింట్లో ఉన్నారు, ఎవరు పుణెకో హైదరాబాద్‌కో వలస పోయారు, ఎవరు తిరిగొచ్చారు, అన్నీ ఒక నోట్‌బుక్‌లో నీ చేత్తో రాసుకో. టీచరు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్ ఉంటుంది, అందులో పేర్లుంటాయి. అందులో లేని పేర్లే నీకు కావాలి. పాలమూరు వలసల సంగతి నీకు నేను చెప్పేదేముంది, మన ఇళ్లలో చూసిందే. దసరా దాటాక తల్లిదండ్రులతో పోయిన బిడ్డ ఎండాకాలంలో తిరిగొచ్చేసరికి జాబితాలో పేరుండదు, టీకాల కార్డు ఎక్కడో పోయి ఉంటుంది. అట్లాగే మన ఊరి చివర ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు. వాళ్లు నీకు ఓటెయ్యలేదు, వెయ్యలేరు కూడా. కానీ ఆ పిల్లలు ఇప్పుడు నీ ఊళ్లో ఉన్నారు, వాళ్లకు అన్నం పెట్టాల్సింది మన అంగన్‌వాడీయే. కేంద్రం లేని ఒక్క వాడలో ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి, అక్కడివాళ్లు అడిగితే మూడు నెలల్లో కేంద్రం పెట్టాలని 2006 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగేవాళ్లు లేకనే ఎన్నో చోట్ల అది కాగితం మీద మిగిలింది.

తూకం రోజు ఒకసారి దగ్గరుండి చూడు. బిడ్డ ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా నడుమ, మూడు రంగుల టేపు చుడతారు. బిడ్డ గింజుకుంటుంది, ఏడుస్తుంది, తల్లి ఒకచేత్తో కాళ్లు పట్టుకుంటుంది. టేపు బిగించకుండా, వదులు కాకుండా పట్టడం మన ఆయాలకు బాగా తెలుసు. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. 11.5కు తగ్గితే ఎరుపు. నడుమ ఉంటే పసుపు. ఎరుపు పడ్డ బిడ్డ నవ్వుతూ ఆడుతున్నా వదలొద్దు. "మా ఇంట్ల అందరం గింతే సన్నగుంటం" అని అత్తగారు అంటుంది. వినయంగా విను, వదిలి మాత్రం రాకు.

అసలు కష్టం ఆ తర్వాతే. డాక్టరు చూసి కొందరిని పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చమంటాడు. రెండు వారాల దాకా తల్లి బిడ్డతో అక్కడే ఉండాలి. ఇంటి దగ్గర మిగతా పిల్లలకు వండేదెవరు, బర్రెకు గడ్డి వేసేదెవరు, పోయిన కూలి ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు టీచరు దగ్గర జవాబు ఉండదు. నీ దగ్గర ఉండాలి. మహిళా సంఘంలో మాట్లాడి ఇద్దరు ఆడవాళ్లను ఆ ఇంటికి సాయం పెట్టగలిగితే ఆ తల్లి బస్సెక్కుతుంది. ఊరి పెద్ద చెయ్యాల్సిన పనుల్లో ఇంతకన్నా విలువైంది నాకు కనపడలేదు.

బాలామృతం గురించి ఒక మాట. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. చాలా ఇళ్లల్లో అది పది రోజులకే అయిపోతుంది, ఎందుకంటే అన్నా అక్కా కూడా తింటారు. ఆ తల్లిని నలుగురిలో నిలదీయకు. తీపి పిండి ఇంట్లో ఉంటే పెద్ద పిల్లలకు పెట్టకుండా ఏ తల్లి దాచగలదు? ఆ ఇంటికి రేషన్ కార్డు ఉందా, పేర్లన్నీ ఎక్కాయా, అది చూడు.

ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకూ బాలింతలకూ కేంద్రంలోనే పప్పన్నం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. 2015 జనవరి నుంచీ ఉన్న పథకమే. అయినా కొందరు రారు. పత్తి ఏరడానికి పోయిన మనిషికి మధ్యాహ్నం రావడం కుదరదు. అది ఒక కారణం. ఇంకొకటి ఎవరూ పైకి చెప్పరు: వండిన ఆయా ఏ కులమో చూసి కోడలిని పంపని ఇళ్లున్నాయి. దీనికి ఉపన్యాసం పనికిరాదు. నువ్వే పోయి ఆ ఆయా వడ్డించిన అన్నం అందరితో కూర్చుని తిను. ఒక్కరోజు ఫొటో కోసం కాదు, తరచూ తిను. సర్పంచ్ తిన్న చోట తమ కోడలు ఎందుకు తినకూడదో వాళ్లు సమాధానం వెతుక్కోవాలి.

మా అల్లుడు మంచివాడు, నీకు అండగా ఉంటాడు, సంతోషం. కానీ ఈ తిరుగుడుకు అతన్ని తీసుకుపోవద్దు. పాలు పడటం లేదని, నెల తప్పిందని, ఇంట్లో తాగొచ్చి కొడుతున్నాడని ఆడవాళ్లు నీకు చెప్తారు, అతను పక్కనుంటే నోరు విప్పరు. ఆ కుర్చీలో ఆడమనిషి కూర్చున్నందుకు ఊరికి ఒరిగే లాభాల్లో ఇదొకటి.

టీచరును మీటింగులో నలుగురి ముందు తిట్టే సర్పంచులను చాలామందిని చూశాను. నువ్వు అట్లా చెయ్యకు బిడ్డా. టీచరుకు వచ్చేది 13,650 రూపాయలు, ఆయాకు 7,800. అదీ వేళకు రాదు. 2023లో సమ్మెకు కూర్చున్నారంటే ఊరికే కాదు. రిజిస్టర్లు, ఫోన్‌లో ఎంట్రీలు, ఓటర్ల జాబితా, ఏ సర్వే వచ్చినా వాళ్లే. పిల్లల దగ్గర కూర్చునే వేళను అవన్నీ తినేస్తాయి. లోపముంటే విడిగా చెప్పు. అద్దె బాకీ పడినా, గుడ్లు చిన్నవి వచ్చినా, నల్లా రాకపోయినా పైవాళ్లకు రాసేది నువ్వై ఉండాలి. నీళ్లకూ పారిశుద్ధ్యానికీ పంచాయతీకి వచ్చే నిధిలోంచి కేంద్రానికి నల్లా, పిల్లల ఎత్తుకు సరిపోయే మరుగుదొడ్డి ముందు పెట్టించు.

"అది ఐసీడీఎస్ వాళ్ల పని, నీకెందుకు" అని ఆఫీసులో ఎవరైనా అంటే తగ్గకు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలున్నాయి, 25వది స్త్రీ శిశు అభివృద్ధి. అట్లాగే 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని దగ్గరికి తల్లుల వెంట చిన్నపిల్లలు ఐదుగురు, అంతకుమించి వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి కూలి ఇవ్వాలంది. మన దగ్గర ఇది జరగగా నేను అరుదుగా చూశాను. కూలి పనులు మొదలైనప్పుడు ఈ మాట మొదటి రోజే ఎత్తు. సరిగా నడవలేని పెద్దమ్మలకు ఆ పని ఇస్తే వాళ్లకూ నాలుగు రూపాయలు, పిల్లలకూ నీడ.

ఉగాదికి వస్తాం. అప్పటిదాకా ఆగకు. ఎండాకాలం ముగిసేసరికి బట్టీల వాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోతారు కాబట్టి ఊళ్లో ఇళ్ల కంటే ముందు అక్కడికి వెళ్లు. ఒడియా తెలిసిన మేస్త్రీని మాటసాయానికి అడుగు. ఏఎన్ఎమ్మును కూడా తీసుకుపో, టీకాలు పడని పిల్లలు అక్కడే ఎక్కువ.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ