మెల్లగా పరిగెత్తండి, మళ్లీ రావాలనిపిస్తుంది

కొత్త షూస్ కొన్నారు. అలారం పెట్టారు. మొదటిరోజే, వెళ్లిపోతున్న బస్సు వెంట పడ్డట్టు పరిగెత్తారు. రెండు నిమిషాలకే ఆయాసం, డొక్కలో పోటు. ‘రన్నింగ్ మన వల్ల కాదులే’ అని తేల్చేశారు.

ఆగండి! తప్పంతా ఆ స్పీడ్‌దే.

సరైన స్పీడ్ తెలుసుకోవడానికి స్మార్ట్‌వాచ్ అక్కర్లేదు. పరిగెడుతూనే పక్కనున్న ఫ్రెండ్‌తో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. మాట ముక్కలవుతోందా? తగ్గించండి. వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన మిమ్మల్ని దాటి వెళ్లిపోయినా సరే, తగ్గించండి. ఈగో కాస్త నొచ్చుకుంటుంది. ఫర్వాలేదు, దానికీ ఎక్సర్‌సైజ్ కావాలి.

మధ్యలో నడవడానికి సిగ్గుపడకండి. 1996లో జోష్ క్లార్క్ తయారుచేసిన ‘కౌచ్ టు 5కె’ ప్లాన్ మొదలయ్యేదే నడకతో. మొదటి వారం ఇలా ఉంటుంది:

• 5 నిమిషాలు చురుగ్గా నడక.
• తర్వాత 60 సెకన్లు జాగింగ్, 90 సెకన్లు నడక. ఇలా మార్చి మార్చి 20 నిమిషాలు.
• వారానికి 3 రోజులే.

9 వారాలకు అరగంట ఆగకుండా పరిగెత్తడం లక్ష్యం. ఏదైనా వారం కష్టమనిపిస్తే దాన్నే రిపీట్ చేయండి. ఇక్కడ మార్కులు వేసేవాళ్లు లేరు.

రెస్ట్ డేని మాత్రం ఎగ్గొట్టకండి. దమ్ము త్వరగా పెరుగుతుంది. ఎముకలు, టెండన్లు గట్టిపడటానికి అంతకంటే ఎక్కువ టైమ్ పడుతుంది. చాలామందికి మోకాలి కింద, కాలి ముందువైపు ఎముకలో నొప్పి మొదలయ్యేది ఉత్సాహం పొంగుకొచ్చి రోజూ పరిగెత్తినప్పుడే.

ఇక ఎంజాయ్‌మెంట్. అది బయటే ఉంది. విశాఖలో ఉంటే తెల్లవారుజామున ఆర్కే బీచ్‌కి వెళ్లండి. ఆ వేళ బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఎడాపెడా హారన్లు ఉండవు, అలల చప్పుడే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకి వెళితే నెమళ్లు కనిపిస్తాయి. పల్లెలో ఉన్నారా? చెరువుగట్టును మించిన ట్రాక్ ఏ సిటీలోనూ లేదు. వీధికుక్క వెంటపడితే హీరోయిజం వద్దు, పరుగు ఆపి నిదానంగా నడవండి.

ప్రోగ్రెస్‌ని కిలోమీటర్లలో కొలవకండి. ఎన్ని నిమిషాలు కదిలారో, ఎలా అనిపించిందో క్యాలెండర్ మీద రాసుకోండి.

గుండె సమస్య, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌ని అడగండి. మిగతావాళ్లంతా రేపు పొద్దున, ఎండెక్కకముందే బయల్దేరండి.