ఇంజను పరిమాణము: దాని లెక్క, దాని పేరు

ముదినేపల్లి నుండి కైకలూరు మీదుగా కొల్లేటి వైపు సాగు దారిలో చేపల చెరువుల గట్లపై నీరు తోడు ఆయిలు ఇంజనులు కానవచ్చును. ఊళ్లలో నేటికిని అచ్చటచ్చట పాత అంబాసిడరు కార్లు, జీపులు కలవు. పంచాయతికి పాత ఇంజను కొనవలసి వచ్చినను, కారునకు బీమా కట్టవలసి వచ్చినను “ఇన్ని సి.సి.” అను మాట ఎదురగును. ఆ సంఖ్య ఎట్లు వచ్చునో తెలియనివారు అమ్మువాని మాటనే నమ్మవలసి యుండును. కావున ఆ లెక్కను ఇచ్చట వివరించుచున్నాము.

నూతి లెక్కయే ఇంజను లెక్క

నూతిలోని నీటిని లెక్కించు విధము సభ్యులెరిగినదే. వ్యాసమును వ్యాసముచే గుణించి, దానిని 0.7854చే గుణించినచో నూతి వైశాల్యము వచ్చును. దానిని లోతుచే గుణించిన నీటి ఘనపరిమాణము తేలును. ఇంజనులోని సిలిండరు కూడ అట్టి గుండ్రని నూయియే. దాని వ్యాసమును బోరు అందురు. పిస్టను క్రింది కొస నుండి పై కొస వరకు నడచు దూరమును స్ట్రోకు అందురు. బోరు వైశాల్యమును స్ట్రోకుచేతను, సిలిండర్ల సంఖ్యచేతను గుణించినచో ఇంజను పరిమాణము వచ్చును. కొలతలు సెంటీమీటర్లలో నున్నచో ఫలితము ఘన సెంటీమీటర్లు, అనగా సి.సి. వేయి సి.సి.లు ఒక లీటరు. పిస్టను పై కొసకు చేరిన తరువాత దానిపై మిగులు చోటు ఈ లెక్కలో చేరదు.

ఉదాహరణకు, బెంగాలులోని ఉత్తరపారాలో 1958 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరును తీసికొందము. అందు బహుకాలము వాడిన పెట్రోలు ఇంజనునకు బోరు 7.3025 సెం.మీ., స్ట్రోకు 8.89 సెం.మీ., సిలిండర్లు నాలుగు. ఒక సిలిండరునకు 372 సి.సి.లకు కొంచెము పైన వచ్చును. నాలుగింటికి 1489 సి.సి.

పేర్లలోని తేడాలు

పేరులోని అంకె ఎల్లప్పుడును సి.సి. కాదు. మహీంద్రావారు తయారుచేసిన విల్లీస్ జీపులోని ఇంజనునకు అమెరికాలో ఎఫ్-134 అని పేరు. అది ఘన అంగుళముల లెక్క. ఒక ఘన అంగుళము 16.387 సి.సి. గనుక, 134.2 ఘన అంగుళములు సుమారు 2199 సి.సి. అగును. ఇంగ్లండులో 1947లో మారువరకు కార్ల పన్ను మరియొక లెక్కపై నడచెను. అంగుళములలోని బోరును బోరుచేతను, సిలిండర్ల సంఖ్యచేతను గుణించి 2.5చే భాగించెడివారు. ఇందు స్ట్రోకు ప్రసక్తియే లేదు. అందుచే పన్ను తగ్గించుకొనుటకై తయారీదారులు బోరు సన్నముగను, స్ట్రోకు పొడవుగను చేయసాగిరి. ‘ఆస్టిన్ సెవెన్’ అను పేరులోని ఏడు ఈ పన్ను లెక్కలోని అశ్వశక్తియే.

పరిమాణము వేరు, శక్తి వేరు

8 సెం.మీ. బోరు, 11 సెం.మీ. స్ట్రోకు గల కిర్లోస్కర్ ఏవీ1 ఆయిలు ఇంజను ఒకే సిలిండరుతో 553 సి.సి. కలది. నిమిషమునకు 1500 చుట్లు తిరుగుచు 5 అశ్వశక్తి నిచ్చును. దానికి రెండింతలైన 1089 సి.సి. ఫియట్ కారు ఇంజను అంతకు మూడింతల వేగముతో తిరిగి సుమారు 40 అశ్వశక్తి నిచ్చును. కావున పంపునకు ఇంజను కొనునపుడు సి.సి. ఒక్కటే చూడరాదు. అశ్వశక్తిని, చుట్ల వేగమును కూడ అడుగవలెను.

పాత ఇంజను కొనువారికి

సిలిండరు అరిగినపుడు బోరింగు చేయించి పెద్ద పిస్టను వేయుదురు. అంబాసిడరునకు అంగుళములో వేయింట 40 వంతులు బోరు పెంచినచో పరిమాణము సుమారు 1531 సి.సి. అగును. రిజిస్ట్రేషను పత్రములో మాత్రము 1489 అనియే యుండును. సొంత కార్ల మూడవ పక్షపు బీమాకు 1000, 1500 సి.సి.లు హద్దులు. 2022 జూన్ నుండి అమలైన రేట్లలో 1500 వరకు గల తరగతికి రూ. 3,416, అది దాటినచో రూ. 7,897 విధించిరి. 1990 దశకములో అంబాసిడరునకే 1817 సి.సి. ఇసుజు ఇంజను వచ్చెను. పత్రములో ఒక ఇంజను, బండిలో మరియొక ఇంజను ఉన్నచో, ప్రమాదము జరిగిననాడు బీమా చిక్కులలో పడవచ్చును. ఇంజను మార్చినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము 14 దినములలో రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలెను.

కొనుటకు ముందు హెడ్డు విప్పించి, లోపలి కొలత తీయు కాలిపరుతో బోరును పైనను, క్రిందను కొలిపింపుడు. పైభాగము ఎక్కువగా అరుగుట సహజము. రెండు కొలతలకు తేడా హెచ్చుగా నున్నచో బోరింగు ఖర్చును ధరలో తగ్గింపుమని కోరుడు.

అభ్యాసము: ఫియట్ 1100 ఇంజనునకు బోరు 6.8 సెం.మీ., స్ట్రోకు 7.5 సెం.మీ., సిలిండర్లు నాలుగు. పరిమాణమెంత? పేరులో 1100 ఏల వచ్చెను?

జవాబు: 1089 సి.సి. పలుకుట సులువగునట్లు దానిని 1100గా చెప్పిరి. పేరు పేరే, బీమాకును, బేరమునకును కొలతయే ప్రమాణము.