పైథాన్ మొదలుపెట్టేది ఎక్కడ?

ప్రశ్న: భూగోళశాస్త్రంలో ఎమ్మే చేశాను. క్యూజీఐఎస్‌లో మ్యాపులు చేయగలను గానీ ప్రోగ్రామింగ్ అసలు రాదు. పైథాన్ ఎక్కడ మొదలుపెట్టాలండీ?

జవాబు: మీ క్యూజీఐఎస్‌లోనే. ప్లగిన్స్ మెనూలో పైథాన్ కన్సోల్ ఉంది; విడిగా ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. వేరియబుల్, లిస్టు, ఫర్ లూపు, ఫంక్షన్ ముందు నేర్చుకోండి. క్లాసుల జోలికి ఇప్పుడే పోకండి. మండలాల షేప్‌ఫైళ్లను ఒక్కొక్కటీ తెరిచి క్లిప్ చేసే విసుగు మీకు తెలిసే ఉంటుంది. మీ మొదటి లూపు దానికే రాయండి. వ్యాయామాల పుస్తకం కన్నా అదే బాగా నేర్పుతుంది.

తర్వాత జియోపాండాస్ అనే పైథాన్ లైబ్రరీ నేర్చుకోండి. ఇక్కడ చాలామంది బోల్తా పడేది ప్రొజెక్షన్ దగ్గర. చెరువుల లేయరు ఈపీఎస్‌జీ 4326లో, అంటే అక్షాంశ రేఖాంశాల్లో ఉంటే, విస్తీర్ణం చదరపు డిగ్రీల్లో వస్తుంది. ఆ అంకె ఎందుకూ కొరగాదు. హెచ్చరిక కనిపిస్తుంది, మనమే చదవం! ముందు లేయరును 32644కు, అంటే యూటీఎం 44 ఉత్తర జోన్‌కు మార్చండి. అప్పుడు చదరపు మీటర్లు వస్తాయి, 10,000తో భాగిస్తే హెక్టార్లు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఆ జోన్‌లోవే. అనంతపురం 78 డిగ్రీల రేఖాంశానికి పడమర ఉంది కాబట్టి దానికి 32643 వాడాలి.

ఎర్రర్ వస్తే కంగారుపడకుండా చివరి లైను ముందు చదవండి. అసలు కారణం సాధారణంగా అక్కడే ఉంటుంది.