స్టూడిబేకరు బండ్ల కథ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఇండియానా రాష్ట్రమున సౌత్ బెండ్ అను పట్టణము కలదు. సెంట్ జోసెఫ్ నది అచ్చటి వరకు దక్షిణముగా వచ్చి, వంపు తిరిగి, మరల ఉత్తరమునకు సాగిపోవును. ఆ వంపును బట్టియే ఊరికి ఆ పేరు కలిగినది. 1852వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో హెన్రీ, క్లెమెంట్ అను అన్నదమ్ములు ఇద్దరు ఆ యూర నొక కమ్మరి కొలిమి పెట్టిరి. వారి యింటిపేరు స్టూడిబేకరు. వారి మూలధనము 68 డాలర్లు మాత్రమే. ఆ చిన్న కొలిమి నుండి పుట్టిన సంస్థ నూరేండ్లకు మించి బ్రదికినది. అది మొదట గుఱ్ఱపు బండ్లను, పిమ్మట మోటారుకార్లను చేసి, లోకమంతట పేరుగాంచి, 1966లో కార్ల తయారీని చాలించెను. అట్టి సంస్థ ఎట్లు పెరిగెను? ఏల మూతపడెను? దానిని నమ్ముకొన్నవారి గతి యేమయ్యెను? ఈ ప్రశ్నలకు దాని చరిత్రయే సమాధానము చెప్పును.

అన్నదమ్ములు మొత్తము ఐదుగురు. వారి తండ్రియు కమ్మరియే. కొడుకులు ఆయన యొద్దనే ఇనుము కాచుటయు, చక్రమునకు పట్టా బిగించుటయు నేర్చికొనిరి. వారిలో జాన్ మోలర్ అనువాడు సాహసి. కాలిఫోర్నియాలో బంగారము దొరకుచున్నదని విని, 1853లో తాను చేసిన యొక బండిని ప్రయాణికుల గుంపున కిచ్చి, దానికి బదులుగా వారితో కూడ నచ్చటికి పోయెను. నెలల తరబడి నడచిన పిమ్మట ప్లాసర్‌విల్ అను గని పట్టణము చేరునప్పటికి అతని జేబులో మిగిలినది అరడాలరు మాత్రమే.

అచ్చట నొక కమ్మరి అతనికి పని యిచ్చెదనని పిలిచెను. గనులలో మన్ను మోయుటకు ఒంటిచక్రపు తోపుడుబండ్లు కావలసి యుండెను. తాను వచ్చినది బంగారము త్రవ్వుటకే యైనను, జాన్ ఆలోచించి ఆ పనికి ఒప్పుకొనెను. అతడు చేసిన మొదటి తోపుడుబండి వంకరగా నుండినదట, చక్రము ఊగులాడినదట. కాని కొలది దినములలోనే చేయి తిరిగినది. ఒక్కొక్క బండికి పది డాలర్లు కూలి దొరకెను. బంగారమునకై వచ్చినవారిలో ననేకులు వట్టి చేతులతో మరలిపోయిరి. వారికి పనిముట్లు చేసి యిచ్చిన జాన్ మాత్రము 1858లో 8,000 డాలర్లతో సౌత్ బెండ్‌కు తిరిగి వచ్చి, పెద్దన్న వాటాను కొని, సోదరుల వ్యాపారమున చేరెను.

అటుపిమ్మట వ్యాపారము వేగముగా పెరిగెను. అంతర్యుద్ధ కాలమున ప్రభుత్వ సైన్యమునకు సామానుల బండ్లు చేయు పని వారికి దొరకెను. యుద్ధానంతరము పడమటి దేశమునకు వలసపోవు కుటుంబములకును, పొలము దున్నుకొను రైతులకును వారి బండ్లే కావలసివచ్చెను. బాగుగా ఎండిన కఱ్ఱ, గట్టి చక్రము, మోసము లేని పని: ఈ మూడింటి వలన స్టూడిబేకరు బండి యనిన జనులకు గురి కుదిరినది. పందొమ్మిదవ శతాబ్దము ముగియునప్పటికి ప్రపంచమున మిక్కిలి పెద్దవైన బండ్ల కర్మాగారములలో అది యొకటి యయ్యెను.

అంతలో కాలము మారినది. గుఱ్ఱము లేని బండ్లు వీధులలో తిరుగసాగినవి. అమెరికాలో బండ్లు చేయు సంస్థలు వేలకొలదిగా నుండినను, మోటారుకార్ల యుగమున నిలువద్రొక్కుకొన్నవి మిక్కిలి అరుదు. వానిలో స్టూడిబేకరు ముఖ్యమైనది. 1902లో అది విద్యుత్తుతో నడచు కార్లను, 1904లో పెట్రోలు కార్లను అమ్ముటకు మొదలుపెట్టెను. 1920లో గుఱ్ఱపు బండ్ల తయారీని పూర్తిగ మానివేసెను.

ఈ సంస్థకు మొదటి గండము ఆర్థిక మాంద్యము నాటిది. 1929 తరువాత దేశమున కార్లు కొనువారు తగ్గిపోయిరి. అయినను నాటి అధ్యక్షుడు ఆల్బర్ట్ ఎర్స్కిన్ మంచి దినములు త్వరలోనే వచ్చునని నమ్మి, నిలువయున్న ధనమును వాటాదారులకు లాభాంశములుగా పంచుచు వచ్చెను. మంచి దినములు రాలేదు. 1933 మార్చిలో సంస్థ దివాలా స్థితికి వచ్చి, న్యాయస్థానము నియమించిన రిసీవర్ల చేతిలోనికి పోయెను. హెరాల్డ్ వాన్స్, పాల్ హాఫ్మన్ అను ఇద్దరు అధికారులు కర్మాగారమును మూయక, పొదుపుగా నడిపి, 1935లో సంస్థను మరల నిలువబెట్టిరి. 1939లో వెలువడిన చాంపియన్ అను కారు తేలికైనది. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరము నడచునది. అది సంస్థకు ప్రాణము పోసినది.

రెండవ ప్రపంచ యుద్ధమున స్టూడిబేకరు సంస్థ సుమారు 2 లక్షల సైనిక ట్రక్కులను చేసినది. వానిలో పెక్కు సోవియట్ దేశమునకు పంపబడినవి. బురదలోను, మంచులోను ఆగక నడచిన ఆ ట్రక్కులపై రష్యనులు తమ కత్యూషా రాకెట్లను కూడ నిలిపి ప్రయోగించిరి.

యుద్ధము ముగిసిన పిమ్మట, ఇతరులు పాత రూపములనే అమ్ముచుండగా, స్టూడిబేకరు 1947 నమూనాగా సరిక్రొత్త రూపముగల కారును తెచ్చెను. రేమండ్ లోయీ అను ప్రఖ్యాత రూపశిల్పి బృందము ఈ సంస్థకు చాలకాలము పని చేసినది. అందొక కారునకు వెనుక అద్దము ఇరుప్రక్కలకును చుట్టివచ్చి యుండెను. అది వచ్చుచున్నదో పోవుచున్నదో తెలియదని జనులు పరిహాసమాడిరి, పరిహాసమాడుచునే కొనిరి. 1950 నమూనా కార్లు 3 లక్షలకు మించి తయారైనవి. ఇరువది వేలకు పైగా కార్మికులు ఆ సంస్థలో పని చేయుచుండిరి. 1952లో నూరేండ్ల పండుగ జరిగెను.

స్టూడిబేకరు కారు గలవారు దానిని గూర్చి చెప్పుకొను విశేషములు కొన్ని గలవు. మొదటిది, ఎత్తున వెనుకకు జారకుండ ఆపు పరికరము. ఇది 1936లో ప్రవేశపెట్టబడినది. ఎత్తుదారిలో కారు నాపినపుడు, బ్రేకు మీద కాలు తీసినను, క్లచ్చి త్రొక్కియున్నంతసేపు బ్రేకు పట్టు వదలదు. క్లచ్చిని వదలి కారు ముందునకు కదలునపుడే పట్టు సడలును. కొండ ఊరులలో నుండువారికి ఇది గొప్ప సదుపాయము. రెండవది, ఓవర్‌డ్రైవు అను అదనపు గేరు. కారు వేగము నందుకొన్న పిమ్మట త్రొక్కుడు మీద కాలు క్షణకాలమెత్తిన ఆ గేరు పడును. ఇంజను నెమ్మదిగా తిరుగుచుండగనే కారు వేగముగా పోవును, పెట్రోలు మిగులును. లోపములును లేకపోలేదు. శీతకాలమున మంచు కరగుటకై వీధులలో ఉప్పు చల్లు ప్రాంతములలో ముందు చక్రముల పైనుండు రేకులు త్వరగా తుప్పు పట్టెడివి. యజమానులు దీనిని దాచక చెప్పుకొందురు.

ఇట్టి కార్లు చేసిన సంస్థ ఏల మూతపడినది? కారణము ఒక్కటి కాదు. కారు రూపము మార్చవలెనన్న రేకులను నొక్కు అచ్చులకు కోట్లకొలది ధనము కావలెను. పది లక్షల కార్లు అమ్మువానికి ఆ ఖర్చు ఒక్కొక్క కారుపై కొంచెముగనే పడును. రెండు లక్షలు అమ్మువానికి అదే ఖర్చు ఐదింతలు పడును. ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు 1953, 1954 ప్రాంతముల పోటీపడి అమ్మకములు పెంచుకొనగా, చిన్న సంస్థలు నలిగిపోయినవి. స్టూడిబేకరు భవనములు పాతవి. సమ్మెలు రాకుండుటకై యాజమాన్యము ఇతరుల కంటె ఎక్కువ కూలి నిచ్చుచుండెను. తయారీ ఖర్చు పెరిగినది. 1953లో అందమైన క్రొత్త కూపే కారు వెలువడినది. జనులు దానినే కోరిరి. కాని సంస్థ నాలుగు తలుపుల కార్లనే ఎక్కువగ చేయుటకు ఏర్పాట్లు చేసికొని యుండెను. కోరినవారికి సకాలమున కారు అందలేదు.

1954లో ప్యాకార్డు అను మరియొక పాత సంస్థతో అది కలిసిపోయెను. రెండు బలహీనతలు కలిసిన మాత్రమున బలము కాలేదు. 1958తో ప్యాకార్డు పేరు అంతరించినది. 1959 నమూనాగా వచ్చిన లార్క్ అను చిన్న కారు కొంత లాభము తెచ్చినను, పెద్ద సంస్థలు సైతము చిన్న కార్లను చేయ మొదలిడగనే ఆ లాభము తగ్గెను. 1962లో అవంతీ అను సుందరమైన ఫైబరుగ్లాసు కారును ప్రకటించిరి. పై భాగములు సకాలమున తయారు కాలేదు. ఇంతలో సంస్థ మూతపడునన్న పుకారు వ్యాపించెను. మూతపడు సంస్థ కారును కొన్నచో రేపు విడిభాగములు దొరకునా యని జనులు శంకించి కొనుట మానిరి. కొనుట మానినందున సంస్థ మరింత క్రుంగెను. 1963 డిసెంబరు 9వ తేదీన సౌత్ బెండ్ కర్మాగారమును మూయుచున్నట్లు ప్రకటన వెలువడెను. ఆ నెలలోనే అచ్చట కార్ల తయారీ నిలిచిపోయెను. కెనడాలోని హామిల్టన్ పట్టణమున కొంతకాలము సాగి, 1966 మార్చిలో అదియు ఆగిపోయెను.

క్రిస్మసు పండుగకు ముందు సౌత్ బెండ్‌లో సుమారు 7,000 మంది పని కోల్పోయిరి. ఉద్యోగము పోయిన దుఃఖమున కన్న పెద్ద దుఃఖము మరియొకటి కలదు. 1950 నుండి ఆ కర్మాగారమున కార్మికులకు పింఛను ఏర్పాటు జరిగియుండెను. అంతకు ముందు వారు చేసిన సేవకు కూడ పింఛను లెక్కించెదమని ఒప్పందము. ఆ వెనుకటి సేవకు కావలసిన ధనమును సంస్థ ఏటేట కొంచెము కొంచెముగ, పెక్కేండ్ల కాలమున నిధికి చేర్చవలెను. కాని పదమూడేండ్లకే కర్మాగారము మూతపడినది. చెరువు నిండకముందే ఆయకట్టు అంతటికిని నీరు వదలవలసి వచ్చినట్లయ్యెను. ఉన్న ధనము వృద్ధులకే సరిపోయినది. అరువది యేండ్లు నిండి, పదేండ్ల సేవ గలవారికి పూర్తి పింఛను దొరకెను. నలువది మొదలు ఏబది తొమ్మిదేండ్ల వరకు వయస్సు గల సుమారు 4,000 మందికి, తమకు రావలసిన దానిలో నూటికి 15 వంతులే దొరకినవి. ఇరువది యేండ్లకు పైగా పని చేసినవారు వారిలో ననేకులు. అంతకు చిన్నవారికి ఏమియు దొరకలేదు.

ఇందు ఎవ్వరును నిధిని దొంగిలింపలేదు, చట్టమును మీరలేదు. అందుకే ఆ యన్యాయము దేశమును ఆలోచింపజేసినది. చట్టము మీరకయే ఇంతటి నష్టము కలిగినచో, ఆ చట్టమే చాలదనుట స్పష్టము. కార్మిక సంఘము వారును, శాసనసభ్యులును ఈ విషయమును మాటిమాటికి ఎత్తి చూపిరి. పదేండ్ల చర్చకు పిమ్మట, 1974 సెప్టెంబరు 2వ తేదీన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డు ఉద్యోగుల పింఛనుల రక్షణ చట్టముపై సంతకము చేసెను. పింఛను వాగ్దానము చేసిన యజమాని తగినంత ధనమును నిధిలో చేర్చవలెననియు, కొంతకాలము సేవ చేసినవానికి పింఛను హక్కు పోరాదనియు అది విధించెను. సంస్థ కూలిపోయినను పింఛనులు నిలుచుటకై ఒక భీమా సంస్థను కూడ ఏర్పరచెను. సౌత్ బెండ్ కార్మికులకు దీనివలన తమ సొమ్ము తిరిగి రాలేదు. వారు నష్టపోయినందున తరువాతి వారికి రక్షణ కలిగెను.

కార్ల యజమానుల కథ వేరొక విధముగ నడచినది. చేసినవారు లేని కారును అమెరికాలో అనాథ కారు అందురు. సంస్థ మూతపడక ముందే, 1962లో, స్టూడిబేకరు కార్లు నడపువారు ఒక సంఘముగ ఏర్పడిరి. వారొకరి కొకరు విడిభాగములు పంపుకొనిరి. మరమ్మతు తెలిసినవారు తెలియనివారికి నేర్పిరి. ఒక విచిత్రము వారికి తోడ్పడినది. ధనము లేనందున సంస్థ తన యంత్రములను తరచుగ మార్చలేకపోయినది. 1951లో వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజను స్వల్ప మార్పులతో 1964 నమూనా వరకు సాగినది. కావున ఒక సంవత్సరపు భాగము మరియొక సంవత్సరపు కారునకు తరచుగ సరిపోవును. సంస్థను కూల్చిన పేదరికమే కార్లను బ్రదికించినది! సౌత్ బెండ్‌లోనే కార్లు అమ్ము వర్తకులిద్దరు అవంతీ హక్కులను కొని, 1965 నుండి కొద్ది సంఖ్యలో ఆ కారును మరల చేయించిరి.

నేడు సౌత్ బెండ్‌లో స్టూడిబేకరు జాతీయ ప్రదర్శనశాల కలదు. వలసపోయినవారి బండ్లును, విద్యుత్ కార్లును, అవంతీయు అచ్చట వరుసగా నిలిచియున్నవి. చూచువారు వాని అందమును మెచ్చుకొందురు. ఆ అందముతో బాటు గుర్తుంచుకొనదగిన దొకటి కలదు. మంచి వస్తువును చేయుట ఒక బాధ్యత. చేసిన వాగ్దానమునకు తగిన ధనమును ముందుగ సమకూర్చుట మరియొక బాధ్యత. మొదటి దానిలో స్టూడిబేకరు వారు గెలిచిరి. కావుననే వారి కార్లు ఈనాటికిని రోడ్లపై తిరుగుచున్నవి. రెండవదానికి లోటు వచ్చినందున, వేలమంది తమ వార్ధక్యపు భద్రతను కోల్పోయిరి.