తాళం మన చేతిలో

కార్తీకం వెళ్లింది. వరి కోతలు అయిపోయాయి. ఊళ్లో ఇక కూలి పని లేదు.

పైడమ్మది శృంగవరపుకోట దగ్గర పల్లె. వాకిట్లో నిలబడితే కొండలు కనిపిస్తాయి. ఆ కొండలు ఎక్కితే అరకు.

అరకులో ఇప్పుడే పని మొదలవుతుంది. చలికాలం వస్తే అక్కడికి జనం వస్తారు. బొర్రా గుహలు చూస్తారు. పసుపు పచ్చని వలిసె పూల చేలు చూస్తారు. మంచు చూస్తారు. నవంబరు నుంచి సంక్రాంతి సెలవుల దాకా లాడ్జీలు నిండుతాయి. గదులు తుడవాలి. దుప్పట్లు ఉతకాలి. గిన్నెలు కడగాలి. బొంగు చికెన్ దుకాణాల్లో సాయానికి మనుషులు కావాలి. కాఫీ తోటల్లో పండ్లు కోసేదీ ఈ నెలల్లోనే.

అంటే పని ఉంది. కానీ పని ఉంటే చాలదు.

పోయిన ఏడాది ఏం జరిగింది?

పోయిన ఏడాది ఒక మేస్త్రీ ఊళ్లోకి వచ్చాడు. "రోజుకి 400. గది ఉచితం. తిండి ఉచితం. రండి" అన్నాడు. పైడమ్మ నమ్మింది. పిల్లల్ని అత్త దగ్గర వదిలి వెళ్లింది.

గది అంటే లాడ్జీ వెనక సామాన్ల కొట్టు. అందులో నలుగురు ఆడవాళ్లు. తలుపుకి లోపల గడియ లేదు. బయట తాళం ఉంది. ఆ తాళం మేనేజరు దగ్గర ఉంది.

20 రోజులు గడిచాయి. పైడమ్మ కూలి అడిగింది.

"ఇష్టం లేకపోతే గది ఖాళీ చెయ్యి" అన్నాడు మేనేజరు.

రాత్రి ఎనిమిది గంటలు. చివరి బస్సు వెళ్లిపోయింది. బయట ఒళ్లు కొరికే చలి. పైడమ్మ ఎక్కడికి పోతుంది? నోరు మూసుకుంది. మర్నాడు మళ్లీ చీపురు పట్టింది.

40 రోజుల తర్వాత లెక్క చేశారు. ఉచితం అన్న గదికి డబ్బు కోశారు. ఉచితం అన్న తిండికి డబ్బు కోశారు. ఏదో కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు. అందులో ఏముందో పైడమ్మకి తెలీదు. మేస్త్రీని అడుగుదామంటే అతను మళ్లీ కనబడలేదు.

ఆ సంక్రాంతి వెళ్లాకే పైడమ్మ రాత్రి బడిలో చేరింది.

ఈ ఏడాది ఏం చేసింది?

ఈ ఏడాది కూడా మేస్త్రీలు వచ్చారు. పైడమ్మ ఎవరికీ మాట ఇవ్వలేదు.

"మనమే ముందు వెళ్లి చూసొద్దాం వదినా" అంది రమణమ్మతో. ఇద్దరూ ఒక బుధవారం బస్సెక్కారు. శని, ఆదివారాల్లో లాడ్జీల వాళ్లకి మాట్లాడే తీరిక ఉండదు. అందుకే బుధవారం వెళ్లారు.

మొదట పని వెతకలేదు. గది వెతికారు.

అరకుకి దగ్గరలో ఒక గిరిజన గూడెం ఉంది. అక్కడ ఒక పెద్దావిడ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది. అద్దె నెలకి 1,500 రూపాయలు. పైడమ్మ గది లోపలికి వెళ్లి చూసింది. లోపల గడియ ఉందా? ఉంది. మరుగుదొడ్డి ఉందా? పెరట్లో ఉంది. నీళ్లు? కుళాయి ఉంది. రాత్రి నడిచి వచ్చే దారిలో దీపాలు ఉన్నాయా? సగం దారి దాకానే ఉన్నాయి. "అయితే రాత్రి ముగ్గురం కలిసే వద్దాం" అనుకున్నారు.

మూడో మనిషి సన్యాసమ్మ పెద్దమ్మ. ముగ్గురి మీద పంచితే ఒక్కొక్కరికి 500.

"లాడ్జీ వాళ్లు గది ఊరికే ఇస్తారు కదే. 500 ఎందుకు దండగ?" అంది సన్యాసమ్మ.

"పని ఇచ్చేదీ వాడే, గది ఇచ్చేదీ వాడే అయితే కూలి అడగడానికి నోరు రాదు పెద్దమ్మా" అంది పైడమ్మ.

ఆ ఇంటావిడ ఇంకో మంచి మాట చెప్పింది. "మా గూడెం ఆడవాళ్లు లాడ్జీల్లో రోజుకి 400 అడుగుతున్నారు. మీరు కింద నుంచి వచ్చి 300కే ఒప్పుకుంటే మా కూలి కూడా పడిపోతుంది. మీరూ 400కి తగ్గకండమ్మా" అంది. ముగ్గురూ సరేనన్నారు.

కాగితం రాయించుకోవడం

తర్వాత పని అడగడానికి వెళ్లారు. మొదటి లాడ్జీలో పైడమ్మ అన్నీ అడిగింది. కాగితం కూడా అడిగింది.

"మా మీద నమ్మకం లేదా?" అన్నాడు అక్కడి మనిషి.

"నమ్మకం ఉంది బాబూ. నాకు జ్ఞాపకమే ఉండదు. రాసుకుంటే ఇద్దరికీ మంచిది" అంది పైడమ్మ.

అతను ఒప్పుకోలేదు. పైడమ్మ అక్కడ చేరలేదు. రెండో చోటా కాదన్నారు. మూడో లాడ్జీ మేనేజరు కాసేపు ఆలోచించాడు. చివరికి ఒప్పుకున్నాడు. కాగితం మీద ఇలా రాశారు:

పేరు: పైడమ్మ
పని: గదులు తుడవడం, దుప్పట్లు మార్చడం
పని రోజులు: డిసెంబరు 1 నుంచి జనవరి 20 వరకు
పని గంటలు: రోజుకి 8
కూలి: రోజుకి 400 రూపాయలు
8 గంటలు దాటితే: గంటకి 100 రూపాయలు
సెలవు: ప్రతి మంగళవారం
కూలి ఇచ్చే రోజు: నెల అయ్యాక 7వ తారీఖు లోపు
అడ్వాన్సు: 1,500 రూపాయలు ముట్టింది
మేనేజరు సంతకం, పైడమ్మ సంతకం, తారీఖు

పైడమ్మ ప్రతి అక్షరం కూడబలుక్కుని చదివింది. మేనేజరు గడియారం చూసుకున్నాడు. అయినా ఆమె తొందరపడలేదు. మొత్తం చదివాకే సంతకం పెట్టింది. ఒక కాగితం తను తీసుకుంది. ఒకటి అతనికి ఇచ్చింది. రమణమ్మ కూడా అలాగే చేసింది.

సన్యాసమ్మకి ఓపిక లేకపోయింది. రోడ్డు పక్క తినుబండారాల దుకాణంలో మాట మీదే చేరిపోయింది. రోజుకి 350 అన్నారు.

నోటు పుస్తకం

పైడమ్మ పది రూపాయల నోటు పుస్తకం కొంది. రోజూ రాత్రి గదికి వచ్చి రాసింది. తారీఖు, వచ్చిన గంట, వెళ్లిన గంట. మొదట్లో ఒక్క వరస రాయడానికి చాలాసేపు పట్టేది. చలికి వేళ్లు వంగేవి కావు. అయినా ఒక్క రోజు మానలేదు.

డిసెంబరు అయింది. మేనేజరు లెక్క చెప్పాడు.

"24 రోజులు. 9,600. అడ్వాన్సు 1,500 పోతే 8,100."

పైడమ్మ పుస్తకం తీసింది. "31 రోజుల్లో నాలుగు మంగళవారాలు సెలవు. 27 రోజులు చేశాను. 10,800. పైన 10 గంటలు ఎక్కువ చేశాను. 1,000. మొత్తం 11,800. అడ్వాన్సు పోతే 10,300 రావాలి."

మేనేజరు ముఖం ఎర్రబడింది. "ఇష్టం లేకపోతే..." అని ఆగిపోయాడు. ఈమె ఉండేది అతని గదిలో కాదు. గదిలోంచి పొమ్మనడానికి లేదు.

పైడమ్మ గుండె దడదడలాడింది. కానీ కదల్లేదు. "మీ రిజిస్టరు తెప్పించండి. పక్కపక్కన పెట్టి చూద్దాం" అంది.

రిజిస్టరు తెచ్చారు. మూడు ఆదివారాలు అందులో ఖాళీగా ఉన్నాయి. ఆ ఆదివారాలు లాడ్జీ అంతా కిటకిటలాడింది. ఎవరూ హాజరు వేయలేదు. పైడమ్మ పుస్తకంలో మాత్రం ఉంది. ఆ మర్నాడు 10,300 ఆమె బ్యాంకు ఖాతాలో పడింది.

గదికి ఖర్చయింది 500. ఆ 500 వల్లే మిగతా 2,200 అడిగే ధైర్యం వచ్చింది.

సన్యాసమ్మకి అలా జరగలేదు. జనవరిలో తొమ్మిది రోజుల కూలి బాకీ ఉంది. సంక్రాంతి గుంపు తగ్గింది. ఒక పొద్దున వెళ్లేసరికి దుకాణం లేదు. నాలుగు రాళ్లు, బూడిద మిగిలాయి. ఆ మనిషి పేరు "బాబు" అని తప్ప ఆమెకి తెలీదు. 3,150 రూపాయలు పోయాయి.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సన్యాసమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఘాట్ రోడ్డు దిగాక అడిగింది.

"పైడమ్మా, రాత్రి బడి ఎన్నింటికే?"

తెలుసుకోండి

1. చేసే పని ఒకటే అయితే ఆడవారికీ మగవారికీ సమాన వేతనం ఇవ్వాలి. దీనికి 1976లోనే చట్టం వచ్చింది. ఇప్పుడు ఇది వేతనాల కోడ్‌లో ఉంది. ఆ కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది.

2. నెల కూలి మరుసటి నెల 7వ తారీఖు లోపు ఇవ్వాలి. పని మానేసినా, తీసేసినా రెండు పని దినాల్లో బాకీ తీర్చాలి. ఎక్కువ గంటలకి రెట్టింపు ఇవ్వాలి.

3. అడ్వాన్సు ఇచ్చామని మనిషిని కదలకుండా ఆపకూడదు. వెట్టిచాకిరిని 1976 చట్టం రద్దు చేసింది.

4. పని చోట ఎవరైనా అసభ్యంగా ప్రవర్తిస్తే 2013 చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. చిన్న దుకాణంలో పనిచేసేవారు కూడా జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

5. ఆడవారికి ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. ఫోను: 15100. ఆపదలో ఆడవారికి 181. పోలీసులకి 112.

6. రేషను కార్డు ఉంటే వేరే ఊళ్లో కూడా బియ్యం తీసుకోవచ్చు. కార్డు నంబరు రాసి పెట్టుకోండి.

7. 2022 ఏప్రిల్ 4 నుంచి అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. జిల్లా కేంద్రం పాడేరు. పని ఏ జిల్లాలో చేస్తే, కూలి ఫిర్యాదు ఆ జిల్లా కార్మిక శాఖకి ఇవ్వాలి.

కొత్త మాటలు

ఒప్పందం - ఇద్దరూ ఒప్పుకుని రాసుకున్న మాట
హాజరు - పనికి వచ్చినట్టు గుర్తు
బాకీ - ఇంకా రావలసిన డబ్బు
రద్దు - తీసివేయడం

లెక్క చేయండి

రమణమ్మ 25 రోజులు పని చేసింది. రోజుకి 400. ఎక్కువ చేసిన గంటలు 6. గంటకి 100. అడ్వాన్సు 1,000 తీసుకుంది. ఆమెకి ఎంత రావాలి?

చర్చించండి

1. పైడమ్మ పని కంటే ముందు గది ఎందుకు వెతికింది?
2. ఇంటావిడ 400కి తగ్గవద్దని ఎందుకు చెప్పింది? తగ్గితే ఎవరికి నష్టం?
3. సన్యాసమ్మ చేరే ముందు ఏమేం అడిగి ఉండాల్సింది?
4. మీ ఊరి నుంచి ఆడవాళ్లు ఎక్కడికి పనికి వెళ్తారు? అక్కడ గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?

రాయండి

మీరు పనికి వెళ్తున్నారు అనుకోండి. పైడమ్మ కాగితం చూసి మీ పేరుతో ఒక ఒప్పందం రాయండి. పక్కనున్న అక్కతో చదివించండి. ఏదైనా మర్చిపోయారేమో ఆమెను చెప్పమనండి.