అడవిని, నీటిని కాచు కొలువులు: పదవ తరగతి పిమ్మటి త్రోవలు

పదవ తరగతి ఫలితములు వెలువడిన వారములో పంచాయతీ సభ్యుని యింటికి ఒకరిద్దరు తండ్రులు తప్పక వత్తురు. "మా పిల్లవానిని దేనిలో చేర్పింపుమందురు?" అని అడుగుదురు. పట్టణములో ఇంజనీరింగు, లేనిచో ఏదో ఒక డిగ్రీ అను రెండు జవాబులే సాధారణముగా వినవచ్చును. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలోని సభ్యులు మూడవ జవాబొకటి ఎరిగియుండుట మంచిది. ఒక ప్రక్క నల్లమల, వేరొక ప్రక్క కృష్ణా తుంగభద్రలు, నడుమ చెరువులు, మెట్టభూములు గల సీమ ఇది. ఈ సంపదను కాచుట, కొలుచుట, పెంచుట అనునవి నేడు చదువుకొన్నవారి కొలువులైనవి. ఆ కొలువుల త్రోవలు పదునైదవ యేటనే, ఇంటర్మీడియటులో ఏ గ్రూపు తీసికొందుమను చోటనే చీలిపోవును. ఈ సంగతి ఆలస్యముగా తెలిసి చింతించువారు పెక్కురు.

ముందుగా అడవి మాట. 1983లో నాగార్జునసాగర్ – శ్రీశైలము పులుల అభయారణ్యముగా ప్రకటింపబడిన అడవిలో కృష్ణకు ఉత్తరపు భాగము, 2014 రాష్ట్ర విభజన పిమ్మట అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. నాగర్‌కర్నూలు, నల్లగొండ జిల్లాలలో వ్యాపించిన దీని విస్తీర్ణము దాదాపు 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవిని కాచుటకు దానిని బీట్లుగా విభజింతురు. కొన్ని బీట్లు కలిసి సెక్షను, కొన్ని సెక్షనులు కలిసి రేంజి, కొన్ని రేంజిలు కలిసి డివిజను. బీటు అధికారిని మన పెద్దలు ఫారెస్టు గార్డు అనెడివారు. ఆ కొలువును కలపదొంగలను పట్టుటగా మాత్రమే తలచుట పొరపాటు. వేసవి రాకమునుపే అగ్నిరేఖలు గీయింపవలెను. ఎండకు కుంటలు ఇంకిపోయినపుడు మృగములకు నీటితొట్లు నింపింపవలెను. చెట్లకు కెమెరాలు కట్టించి, వానిలో పడిన బొమ్మలను చూడవలెను. మనుష్యుల వ్రేలిముద్రలవలె ఏ రెండు పులుల చారలును ఒక్క తీరుగ నుండవు. కనుక బొమ్మను బట్టి ఏ పులి ఎటు తిరుగుచున్నదో తెలిసికొనగలరు. పూర్వము అడుగుజాడలను బట్టి లెక్కించెడి పద్ధతి పోయి ఈ పద్ధతి వచ్చినది.

ఇచట ఒక విషయము మనసున కలుక్కుమనును. ఈ అడవిలో జాడ తెలిసినవారు చెంచులకంటె వేరెవరు కలరు? అందుకే బేస్ క్యాంపులలో వారిని వాచర్లుగా నియమింతురు. వాచరు ఎంత నేర్పరియైనను చేతిలో ఇంటర్మీడియటు పత్రము లేనిచో బీటు అధికారి కాజాలడు. 2017లో రాష్ట్రమునందు 1,857 బీటు అధికారుల కొలువులకు ప్రకటన వెలువడినపుడు అడిగిన చదువు ఇంటర్మీడియటే. దానికి తోడు నడక పరీక్ష: నాలుగు గంటలలో పురుషులు 25 కిలోమీటర్లు, స్త్రీలు 16 కిలోమీటర్లు నడువవలెను. అప్పాపూరు వంటి పెంటల నుండి వచ్చు పిల్లలకు నడక ఒక పరీక్షయా? వారికి అడ్డు వచ్చుచున్నది రెండేండ్ల చదువు. తాతల జ్ఞానము దినకూలితో ఆగిపోవుట ఆ పిల్లలకే కాదు, అడవికిని నష్టమే.

బీటు అధికారి కొలువుకు ఇంటర్మీడియటులో ఏ గ్రూపైనను చాలును. పైమెట్లకు చాలదు. సెక్షను అధికారి, రేంజి అధికారి పదవులకు వృక్ష, జంతు, రసాయన, భౌతిక, గణిత, భూగర్భ శాస్త్రములలో గాని, వ్యవసాయము, అటవీశాస్త్రము, ఇంజనీరింగు మున్నగు విషయములలో గాని పట్టము కావలెను. 1966లో పునఃప్రారంభింపబడి, డెహ్రాడూనులో శిక్షణ యిచ్చు భారత అటవీ సర్వీసు సంగతియు నిట్టిదే. చరిత్ర, వాణిజ్య విషయములు మాత్రమే చదివినవాడు ఎంత తెలివిగలవాడైనను ఆ పరీక్షకు కూర్చుండలేడు. పదవ తరగతి పిమ్మట గ్రూపు ఎంపిక అంత ముఖ్యమైనది.

అడవి చదువునకే ప్రత్యేకించిన కళాశాల మన రాష్ట్రములో 2016లో ఆరంభమైనది. అది సిద్దిపేట జిల్లా ములుగులో నున్నది. (ములుగు పేరుగల జిల్లా వేరు, దరఖాస్తు పెట్టువారు పొరబడరాదు.) నాలుగేండ్ల అటవీశాస్త్ర పట్టమునకు ఇంటర్మీడియటులో విజ్ఞానశాస్త్రములు చదివినవారిని చేర్చుకొందురు.

దూరము పంపలేని వారికి ఇంటిదగ్గరనే కొన్ని విద్యాస్థానములు కలవు. నాగర్‌కర్నూలు జిల్లా పాలెములో వ్యవసాయ పరిశోధనా కేంద్రము, వ్యవసాయ కళాశాల ఉన్నవి. వనపర్తి జిల్లా మోజెర్లలో ఉద్యాన కళాశాల, పెబ్బేరులో మత్స్య కళాశాల కలవు. వీనికి బైపీసీ చదివి ప్రవేశ పరీక్ష వ్రాయవలెను. వ్యవసాయదారుల బిడ్డలకు వ్యవసాయ కళాశాలలలో కొన్ని స్థానములు ప్రత్యేకింపబడినవి. ఊరి బడిలో చదివినట్లు, తలిదండ్రులకు భూమి ఉన్నట్లు పత్రములు చూపవలసి యుండును. పత్రములు సకాలములో అందక చేతికందిన స్థానము పోగొట్టుకొనుట కంటె విచారకరమైనది లేదు. ఇది పంచాయతీ సభ్యుడు పూనుకొన్నచో సులువుగా తీరు చిక్కు.

నీటి విషయమున వనపర్తి కొక విశేషము కలదు. 1949లో మొదలై 1959లో ముగిసిన సరళాసాగరమునకు సైఫను పద్ధతి పెట్టిరి. నీరు నిర్ణీతమైన మట్టమునకు చేరగానే తలుపు ఎత్తువాడు లేకయే అదనపు నీరు వెలుపలికి పోవును. అట్టి సరళాసాగరము మట్టికట్టకు 2019 డిసెంబరు 31న గండి పడినది. సైఫను తనంత తానే పనిచేయును గాని కట్ట తన్ను తాను చూచుకొనలేదు. దానిపై మొలచిన చెట్టును, ఊటను కనిపెట్టి చెప్పు కన్ను కావలెను. వనపర్తి పాలిటెక్నిక్కులో పదవ తరగతి పిమ్మట మూడేండ్ల సివిల్ డిప్లొమా చదివినవాడు సాగునీటి శాఖలో సహాయ ఇంజనీరు పదవికి పోటీపడవచ్చును. దేశములో అనేకములైన ఆనకట్టలకు మట్టిమోసిన పాలమూరు కూలీల మనుమలు ఆనకట్టలను కాచువారగుట ముచ్చటయైన సంగతి.

గద్వాల సీమలో అడవి స్వల్పము. అచటి చిక్కు వేరు. విత్తనపత్తి చేలలో పూవుపూవునకు చేతితో పుప్పొడి అద్దవలెను. ఆ పని వచ్చిన నెలలలో బడిలో బల్లలు ఖాళీ యగుట అందరెరిగినదే. ముఖ్యముగా ఆడపిల్లలు ఒక పంటకని మానినవారు మరల బడికి పోకుండుట కలదు. పుప్పొడి అద్దు నేర్పు గల ఆ చేతులే వృక్షశాస్త్రము చదివినచో విత్తన పరిశోధనకు పనికివచ్చును. హాజరుపట్టీని పంచాయతీ సమావేశమున ఒకసారి తెప్పించి చూచిన చాలును, ఎవరు ఎన్నడు మానిరో తెలియును.

ఊరిలోనే తొలిపాఠమునకు రెండు సాధనములు కలవు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము ఊరూర నర్సరీ పెట్టవలెననియు, నాటిన మొక్కలలో నూటికి 85 బ్రతుకవలెననియు చెప్పుచున్నది. తొమ్మిదవ తరగతి పిల్లలకు ఒక్కొక్క వరుస అప్పగించి, ఏ మొక్క ఎప్పుడు, ఏల చచ్చినదో వ్రాయింపుడు. చచ్చిన మొక్కకు కారణము వెదకుటయే అటవీశాస్త్రమున ప్రథమ పాఠము. రెండవది, 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ఏర్పడవలసిన యాజమాన్య కమిటీ, అది తయారుచేయు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు. ఊరి చెట్లు, చేపలు, విత్తనములు, మందుమొక్కలు, వాని వాడుకలు అందులో వ్రాయవలెను. పలుచోట్ల దీనిని బయటివారు వచ్చి ఒక్క పూటలో ముగించుట కద్దు. అవ్వలను అడిగి పిల్లలు వ్రాసినచో రిజిస్టరు నిండును, పిల్లలకు చెట్లపేర్లు వచ్చును. తపసి బంక తీయు చెంచు ముసలివాడు గొడ్డలితో లోతుగా నరికిన చెట్టు ఏల ఎండునో, పైపైన చిన్నగాటు పెట్టినచో గాయము మానుచు బంక ఏల కారుచుండునో వారికి చెప్పగలడు. అట్టి మాటలు ఆయన చెప్పిన తీరుననే వ్రాయింపుడు. రిజిస్టరులో గడి చాలకున్నచో అదనపు కాగితము కుట్టింపుడు.